పరీక్ష పోయిన చోటికి బుడుగును పిలవండి

మన సభల్లో తీర్మానాలు చదివే ఘట్టం వచ్చేసరికి వాటి వరుస నాకు ముందే తెలిసిపోతుంది. ఖాళీగా పడివున్న తెలుగు ఉపాధ్యాయుల పోస్టులను నింపాలి. పాఠ్యపుస్తకాలు బడి తెరిచేనాటికి చేరాలి. తెలుగు మాధ్యమ తరగతులను మూయరాదు. మూడూ న్యాయమైన కోరికలే. మూడింటికీ చేయెత్తినవారిలో నేనూ ఒకడిని. కానీ ఇన్నేళ్లలో నేను కూర్చున్న ఏ సభలోనూ, మా పిల్లలకు తెలుగు కథల పుస్తకాలు కావాలి అనే మాట ఒక తీర్మానంగా వినలేదు. వేదిక దిగిన తరువాత కాఫీ తాగుతూ కూడా వినలేదు.

ఎందుకు వినలేదంటే, మన దృష్టిలో కథల పుస్తకం చదువు కాదు, ఆటవిడుపు. పాఠం ఒప్పజెప్పిన పిల్లవాడికి చివర్లో పెట్టే బెల్లంముక్క. ఈ అభిప్రాయాన్నే ఇక్కడ ఎదిరించదలచుకున్నాను. పొరుగు రాష్ట్రాల బడుల్లో తెలుగు ఇవాళ ఉన్న పరిస్థితిలో, పాఠ్యపుస్తకం కంటే ముందు బొమ్మలున్న ఒక మంచి పిల్లల నవల తరగతి గదిలోకి రావాలి. అది వస్తేనే చదవడం వస్తుంది, దాని వెంట వ్రాయడమూ వస్తుంది. ఏ నవల అని అడుగుతారు గనుక పేరు కూడా చెబుతాను. ముళ్లపూడి వెంకటరమణ వ్రాసి, బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’.

తమిళనాడులో ఏం జరిగిందో ముందుగా జ్ఞాపకం చేసుకుందాం. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడు మొదటి తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పైకి ఎక్కుతూ, 2015–16 నాటికి పదో తరగతిని చేరింది. మొదటి భాగం తమిళం, రెండవది ఆంగ్లం, మూడవది తక్కిన విషయాలు. మాతృభాష వేరుగా ఉన్న పిల్లలకు నాలుగవ భాగంలో వారి భాష, అదీ ఐచ్ఛికంగా. దానిమీద కోర్టులకు వెళ్లాం, మినహాయింపులు తెచ్చుకున్నాం, మళ్లీ వెళ్లాం. ఆ పోరాటం ఆగరాదు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైన, కర్ణాటకలో 35 లక్షలకు పైన. ఇంతమంది ఉండి అడగకపోతే ఎవరిస్తారు?

కానీ కోర్టు తీర్పు వచ్చేదాకా తరగతిలో కూర్చున్న పిల్లవాడి సంగతేమిటి? ఐచ్ఛికం అన్న మాటకు బడిలో ఉన్న అర్థం మీకు తెలుసు. ఆ పీరియడులో లెక్కల పరీక్ష పెట్టుకోవచ్చు, ఆటలకు వదిలిపెట్టవచ్చు, పక్క తరగతి పిల్లలను తెచ్చి కూర్చోబెట్టవచ్చు. తల్లిదండ్రులు అడగరు. పిల్లవాడు అసలే అడగడు. ఇన్నాళ్లూ మనం తెలుగు నేర్పినది పరీక్ష భయంతో. పది మార్కుల పద్యం, అయిదు మార్కుల ప్రతిపదార్థం, రెండు మార్కుల సంధి. పరీక్ష అనే కర్ర విరిగిపోయిన తరువాత, ఆ కర్రతో తోలిన పద్ధతినే పట్టుకుని వేలాడితే బండి ఎలా కదులుతుంది? ఇప్పుడు పిల్లవాడు తెలుగు పుస్తకం తెరవాలంటే ఒకే ఒక్క కారణం మిగిలింది. తెరిస్తే బాగుండాలి. తరువాత ఏమైందో తెలుసుకోకుండా ఉండలేకపోవాలి.

‘బుడుగు’ను ఎంచుకోవడానికి నా కారణాలు వరుసగా చెప్పలేను, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అది 1950ల నడుమ ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. ఆ పత్రిక అప్పట్లో వెలువడినది మద్రాసు నుండి. రమణ, బాపు ఇద్దరూ గోదావరి జిల్లాలవారే అయినా, చిన్ననాటినుండి మద్రాసులో పెరిగినవారు, అక్కడే బ్రతికినవారు. రమణ 2011లో, బాపు 2014లో ఆ ఊరిలోనే కన్నుమూశారు. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ పత్రిక మద్రాసుది. 1947లో పుట్టిన ‘చందమామ’ మద్రాసుది. తెలుగు పిల్లల సాహిత్యం అని మనం గర్వంగా చెప్పుకునేదానిలో పెద్దభాగం ఇవాళ మనం పొరుగు రాష్ట్రం అనుకుంటున్న నేలమీదే అచ్చయింది. తెలుగు బయటినుండి మనకు రావలసిన సరుకు అనుకునేవారికి ఈ ఒక్క సంగతి చాలు. బుడుగు మనకు చుట్టం కాడు, పక్కింటి పిల్లవాడు.

అది నవలా, కథల మాలా అన్నది పండితులు తేల్చుకోనివ్వండి. పిల్లలకు ఆ తేడా పట్టదు. ఒక చిన్నపిల్లవాడు తన నోటితో తానే తన లోకాన్ని చెప్పుకుపోతాడు. అమ్మా నాన్నలను రాధ, గోపాలం అని పేర్లతోనే ప్రస్తావిస్తాడు. బామ్మ ఉంటుంది, బాబాయి ఉంటాడు, సీగానపెసూనాంబ ఉంటుంది, ప్రయివేటు మేష్టారు ఉంటారు. పెద్దలు చేసే పనులకు అతడు చెప్పే కారణాలు పెద్దలు చెప్పుకునే కారణాలకంటే నిజంగా ఉంటాయి. పక్కన బాపు గీత. ఆ గీతలో అనవసరమైన అలంకారం లేదు, రెండు మూడు గీతలతో మనిషి కోపంగా ఉన్నాడో, కోపం నటిస్తున్నాడో తెలిసిపోతుంది. అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లవాడికి ఆ బొమ్మ ఊతకర్ర. వాక్యం సగంలో తడబడితే కన్ను బొమ్మమీదికి పోతుంది, అర్థం అందుకుని మళ్లీ వాక్యంలోకి వస్తుంది. బొమ్మలు చిన్నపిల్లలకు, ఎదిగినవారికి వట్టి అక్షరాలు అని విడదీసినవారు మన బడి పిల్లలను చూడనివారు. మా దగ్గర ఆరో తరగతి పిల్లవాడు తమిళం గడగడ చదువుతాడు, తెలుగు మాత్రం ఒకటో తరగతివాడిలా చదువుతాడు. వాడి బుద్ధి పదకొండేళ్లది, వాడి తెలుగు అక్షరం ఆరేళ్లది. వాడికి ఆరేళ్లవాడి వాచకం ఇస్తే అవమానపడతాడు. పదకొండేళ్లవాడి వాచకం ఇస్తే మునిగిపోతాడు. బుద్ధికి సరిపడే హాస్యమూ, అక్షరానికి ఊతమిచ్చే బొమ్మా రెండూ ఉన్న పుస్తకం వాడికి కావాలి.

నేను హోసూరు పక్క పల్లెబడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఈ పుస్తకాన్ని తరగతిలో వాడిన తీరును వివరంగానే చెబుతాను, ఎందుకంటే దానికి డబ్బు గాని, శిక్షణ గాని అక్కరలేదు. తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు, పుస్తకం ఒక్కటి. మొదటి నాలుగు రోజులు ఒక్క వాక్యమైనా చదవలేదు. పుస్తకాన్ని తెరిచి పట్టుకుని వరుసల మధ్య తిరుగుతూ బొమ్మలు మాత్రం చూపాను. ఎవరు వీళ్లు? ఈయన ఎందుకు అలా చూస్తున్నాడు? ఈ పిల్లవాడు ఏదో చేసి వచ్చాడు, ఏమిటది? పిల్లలు నోటికి వచ్చిన కథ చెప్పారు. ఇద్దరు ముగ్గురు దానికోసం పోట్లాడుకున్నారు కూడా. అయిదో రోజున చదవడం మొదలుపెట్టాను. రోజుకు ఇరవై నిమిషాలు, నేనే పైకి చదవడం, మంచి పట్టులో ఆపేయడం. ప్రశ్నలు లేవు, కఠిన పదాలు లేవు, సారాంశం వ్రాయడం లేదు. ఈ మూడింటినీ తరగతి గడప దాటి రానివ్వకూడదన్నది నేను పెట్టుకున్న ఏకైక నియమం. రెండో వారానికి పుస్తకం నా బల్లమీద ఉన్నంతసేపు దాని చుట్టూ తలలు కనిపించసాగాయి. ఆపేసిన చోట తరువాత ఏముందో చూసుకుంటున్నారు. కూడబలుక్కుని, వేలు పెట్టుకుని, ఒకడు చదువుతూంటే నలుగురు వింటూ. చదువు మొదలయ్యేది అక్కడే. ఆ తలల గుంపును మా పాఠ్యపుస్తకం చుట్టూ నేను ఎన్నడూ చూడలేదు.

వ్రాత సంగతికి వస్తే, బుడుగులాగా వ్రాయండి అని నేను అడగలేదు. అలా అడిగితే వచ్చేది వెక్కిరింపే. ఇంట్లో పెద్దలు మిమ్మల్ని రోజూ ఏయే మాటలతో కోప్పడతారో వ్రాసుకుని రండి అన్నాను. మరునాడు వచ్చిన జాబితాలను నేను ఇప్పటికీ దాచుకున్నాను. ఎన్ని మాటలు! నిఘంటువుల్లో వెదికినా దొరకనివి, మొరసునాటి పల్లెల్లో తప్ప వినబడనివి. కొందరు అవ్వలను అడిగి తెచ్చారు. పిల్లవాడు తెలుగు మాటకోసం అవ్వ దగ్గరికి వెళ్లడం, దాన్ని కాగితంమీద పెట్టడం, ఈ రెండూ మనం ఎన్ని తీర్మానాలు చేస్తే జరుగుతాయి? తిట్లనుండి పనులకు వచ్చారు. ఒక అమ్మాయి సంక్రాంతి రోజుల్లో అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, పితికిపప్పు చేయడం గురించి ఒక పుటన్నర వ్రాసింది. ఎవరు ఎక్కువ పితికారు, ఎవరు పచ్చిగింజలు దొంగతనంగా తిన్నారు, అవ్వ ఎవరిని పట్టుకుంది, అన్నీ. ఒకడు నాన్నతో పట్టుగూళ్ల సంతకు పోయిన రోజును వ్రాశాడు. ధర పడిపోయిందని నాన్న దారంతా మాట్లాడకపోవడం, ఇంటికి వచ్చిన తరువాత మాత్రం తనమీద అరవడం. నాన్నకు కోపం తనమీద కాదని తనకు తెలుసని చివర్లో వ్రాశాడు. ఇలాంటి వాక్యం వ్రాయగల పిల్లవాడిని మనం ఏడాది పొడుగునా ‘ఆవు’ వ్యాసం వ్రాయమంటున్నాం.

లిపి దగ్గర జరిగిన ఒక విషయం చెప్పి తీరాలి. కొందరికి తెలుగు అక్షరాలు పూర్తిగా రావు. ఇంటి మాటను తమిళ అక్షరాల్లో వ్రాసుకుని వస్తామన్నారు, సరే అన్నాను. ఉద్యమ మిత్రులు కొందరు ఈ మాటకే కోప్పడతారని తెలుసు. కానీ ఏమైందో వినండి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. ఒకడు వ్రాసినదాన్ని మరొకడు పైకి చదివితే గోపాలం కాస్తా కోపాలం అయ్యాడు, బుడుగు పుడుకు అయ్యాడు. తరగతి అంతా నవ్వింది. గోపాలానికి కోపాలం అన్న పేరే బాగుందని కొందరన్నారు, అది వేరే సంగతి. ఆ మధ్యాహ్నం గుణింతాల పట్టిక ఎక్కడుందని వాళ్లే అడిగారు. గ ఎందుకు కావాలో, బ ఎందుకు కావాలో నేను ఉపన్యాసం చెప్పవలసిన అవసరం పడలేదు. తమిళాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు, తమిళానికి ఆ లిపి చక్కగా సరిపోతుంది. మన మాటకు మన అక్షరం ఎందుకు కావాలన్నది పిల్లలు తమ అవసరంగా కనుక్కున్నారు, అంతే. కోలారు, పావగడ వైపు కన్నడ లిపిలో వ్రాసే పిల్లలకు ఈ చిక్కు ఇంతగా ఉండదు. అక్కడ రెండు లిపుల పోలిక వల్ల దాటడం ఇంకా తేలిక. అయితే ఆ తేలికే ప్రమాదం కూడా, తెలుగు అక్షరం లేకపోయినా పని గడిచిపోతుందనిపిస్తుంది. ఏ దారిన వచ్చినా, చదవవలసిన పుస్తకం తెలుగు లిపిలో ఎదురుగా ఉంటే అక్షరం వెంట వస్తుంది.

ఇక ఆక్షేపణలు. మొదటిది, అన్నిటికంటె పెద్దది: బుడుగు భాష తప్పుల తడక, పిల్లలు చెడిపోతారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి మా పిల్లల పుటలను తిరగేసి, ‘యాడికి పోతా ఉండావు’ అన్న మాట కింద ఎర్రసిరాతో గీత గీశాడు. ఇది తెలుగు కాదన్నాడు. అధికారిని వదిలేద్దాం. మనవాళ్లలోనే, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి పూలదండ వేసి, ఆగస్టు 30న అదే ఎర్రసిరా పట్టుకునేవారు ఎంతమంది లేరు? గిడుగువారు చేసినదేమిటి? ఇవాళ ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో దశాబ్దాలపాటు బడిపంతులుగా ఉండి, పిల్లవాడు మాట్లాడేదొకటి, బడిలో వ్రాయవలసినదొకటి అయితే చదువు రాదని వాదించారు. పండితలోకంలో చాలామంది ఎదురు నిలిచినా తన వాదన విడువలేదు. సవర పిల్లలకు సవర మాటల్లోనే వాచకాలు తయారుచేశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు ఆ ముసలితనంలో ఊరు విడిచి రాజమండ్రికి వచ్చారు. సరిహద్దు గీత మనిషిని ఏం చేస్తుందో తెలిసిన మొదటి తరం ఆయనది. ఆయన పేరు చెప్పుకునే మనం, పిల్లవాడి నోటి మాటను కాగితంమీద చూడగానే ఉలిక్కిపడటం ఏం న్యాయం?

ప్రమాణభాష వద్దని నేను అనడం లేదు. బరంపురం పిల్లవాడు వ్రాసినది సోలాపురం పిల్లవాడికి అర్థం కావాలంటే అందరికీ పొత్తుగా ఒక వ్రాత ఉండవలసిందే. కాని అది రెండో మెట్టు. మొదటి మెట్టుమీద పిల్లవాడు ఎక్కకముందే రెండో మెట్టు ఎత్తు కొలిచి వాడికి మార్కులు వేస్తున్నాం. మా తరగతిలో రెండో మెట్టు ఇలా వచ్చింది: తాను వ్రాసినదాన్ని పైకి చదివి వినిపించాలి, గోడపత్రికలో పెట్టాలంటే పై తరగతివాళ్లకు కూడా అర్థం కావాలి. ‘పోతా ఉండావు’ను ఉంచాలా, ‘పోతున్నావు’ అనాలా అన్నది వ్రాసినవాడే తేల్చుకోవాలి. అవ్వ నోట పలికించేచోట మొదటిదాన్ని ఉంచారు, తాము చెప్పేచోట రెండోదానికి మారారు. అధికారి ఎర్రసిరా కంటే ఇది మంచి వ్యాకరణ పాఠం కాదా?

రెండో ఆక్షేపణ నాకు గౌరవం ఉన్న వైపునుండి వస్తుంది. బుడుగు మాట్లాడేది కోస్తా మధ్యతరగతి ఇంటి తెలుగు, మా పిల్లలకు బామ్మ తెలియదు, అవ్వ తెలుసు. ప్రయివేటు మేష్టారు తెలియడు, గొర్రెలు తెలుసు. ఇదీ కృష్ణా గోదావరుల పెత్తనమేగా, అని. పెత్తనం సంగతి నిజమే. మన పాఠ్యపుస్తకాలు ఆ పెత్తనంతోనే నిండి ఉన్నాయి, ఆ మాట ఈ ఉద్యమం ఎంత గట్టిగా అన్నా తక్కువే. కాని పాఠ్యపుస్తకం నాలాగా మాట్లాడు అంటుంది. బుడుగు అలా అనడు. తన ఇంట్లో తాను ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడి ఊరుకుంటాడు. అది విన్న పిల్లవాడికి, అయితే నేనూ నా ఇంట్లోలాగే మాట్లాడవచ్చునన్నమాట అని అనిపిస్తుంది. మా తరగతిలో బామ్మ గురించి విన్న మూడోరోజునే అవ్వలు కాగితంమీదికి రావడం మొదలైంది. ఆ తలుపు తెరుచుకున్న తరువాత దగ్గరి పుస్తకాలకు పోవచ్చు. చిత్తూరు సీమ పలుకుబడిలో నామిని వ్రాసిన ‘సినబ్బ కతలు’ ఉన్నాయి. పులికాటు సరస్సు ఒడ్డున బాల్యాన్ని చెప్పిన స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ ఉన్నాయి, అవి అచ్చంగా మన సరిహద్దు తెలుగే. ఉపాధ్యాయుడు ముందుగా చదువుకుని, తరగతికి తగినవి ఎంచుకోవాలి. ‘బుడుగు’లోనూ అంతే. బాబాయి ప్రేమ వ్యవహారాలున్న భాగాలు కొన్ని పదేళ్లవారికి అక్కరలేదు, దాటేయవచ్చు.

జపాను పిల్లల ‘రైలుబడి’ ఉందిగా, గిజుభాయి ‘పగటికల’ ఉందిగా అంటారు మరికొందరు. రెండూ గొప్ప పుస్తకాలే, రెండూ ఉపాధ్యాయులు చదవవలసినవే. 1930లనాటి గుజరాతులో పాఠం పక్కనపెట్టి కథతో తరగతిని గెలుచుకున్న ఉపాధ్యాయుడిని గిజుభాయి చూపారు. నేను చెప్పేదానికి ఆయన పెద్ద సాక్షి. కాని ఇంటి భాష అంటే చిన్నచూపు పడుతున్న పిల్లవాడికి ముందుగా దొరకవలసినది తెలుగులోనే పుట్టిన గొంతు. అనువాదాలు తరువాత రావచ్చు.

శతకాలు చాలవా అనేవారికి ఒక మాట. వేమన, సుమతి కంఠస్థం కావలసినవే, వద్దని ఎవరూ అనరు. కాని పద్యం చెప్పిన పిల్లవాడు పద్యంలాంటిది ఇంకొకటి వ్రాయలేడు, వ్రాయాలని కూడా అనుకోడు. అది నిండుగా, మూసుకుని ఉన్న కుండ. బుడుగు మాట విన్న పిల్లవాడికి ఇది నేనూ చెప్పగలను అనిపిస్తుంది. మనకు ఈనాడు కరవైనది వినేవారు కాదు, పదేళ్ల తరువాత తెలుగులో వ్రాసేవారు. హోసూరులో, సోలాపురంలో, రాయగడలో ఇప్పుడు తెలుగు కథ వ్రాస్తున్నవారి వయసులు లెక్కవేసుకుంటే మనకే భయం వేస్తుంది.

మాతృరాష్ట్రాల ప్రభుత్వాలనూ ఒక ప్రశ్న అడగాలి. 1975లో హైదరాబాదులో, 2012లో తిరుపతిలో, 2017లో మళ్లీ హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు, మనలో కొందరం సంతోషంగా తెచ్చుకుని గోడలకు తగిలించుకున్నాం. ఆ ఖర్చులో నూరోవంతుతో ఎన్ని బడులకు ఎన్ని కథల పుస్తకాలు చేరి ఉండేవి? ప్రపంచంలో తెలుగువారు ఎక్కడెక్కడ ఉన్నారో పటం గీసి చూపినవారు, కృష్ణగిరి జిల్లాలో ఒక తెలుగు తరగతి బీరువాలో ఏముందో ఒక్కసారైనా చూశారా? నేను చూశాను. సుద్దముక్కల డబ్బా, పాత హాజరు పట్టీలు, ఎన్నికల విధులకు సంబంధించిన సంచి.

అయినా దానం అడగవలసిన పనిలేదు, చట్టమే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 29వ సెక్షను, వీలైనంతవరకు బోధన పిల్లవాడి మాతృభాషలో ఉండాలంటుంది. దాన్ని మనం ప్రతి అర్జీలోనూ వ్రాస్తున్నాం. అదే చట్టం చివర ఉన్న షెడ్యూలును మాత్రం మనం చదవడం లేదు. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో పత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలతో సహా, ఉండాలని అందులో ఉంది. కథల పుస్తకాలు అన్న మాట చట్టంలోనే ఉన్నదండీ! ఏ భాషలో అన్నది లేదు గనుక అది రాష్ట్రభాషలోనే అనుకుని బడులు కొనుక్కుంటున్నాయి. తెలుగు పిల్లలు కూర్చునే తరగతి ఉన్న బడిలో తెలుగు కథల పుస్తకం లేకపోవడం ఆ షెడ్యూలుకు లోటే అని ఎందుకు అడగరాదు? 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో గ్రంథాలయాలకు బడి స్థాయినిబట్టి ఏటా 5,000 నుండి 20,000 రూపాయలదాకా గ్రాంటు పెట్టారు. తమిళనాడుకు రావలసిన ఆ పథకం నిధులు 2024లో కేంద్ర రాష్ట్ర వివాదంలో చిక్కుకున్న మాట నిజమే. అలాగని అడగడం మానుకుంటే, నిధులు వచ్చిన నాడు కూడా మన పేరు జాబితాలో ఉండదు. ప్రభుత్వ బడుల్లో పాఠశాల యాజమాన్య కమిటీలున్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. బడి అభివృద్ధి ప్రణాళిక వ్రాసేది ఆ కమిటీయే. మన పల్లెల్లో ఆ కుర్చీల్లో కూర్చున్నవారు తెలుగు తల్లులే. కోర్టుకు పోవడానికి లాయరు కావాలి, ఇక్కడ కావలసినది చేయెత్తడమే.

ఒక హెచ్చరిక చేయకపోతే ఈ పని మొదలవకముందే చెడిపోతుంది. ‘బుడుగు’ను పాఠ్యాంశం చేయకండి. ఎవరో ఒక ఉత్సాహవంతుడు దానికి ప్రశ్నావళి తయారుచేస్తాడు, బుడుగు స్వభావాన్ని వివరింపుము అని అడుగుతాడు, గైడు అచ్చవుతుంది. అంతటితో పిల్లలు దాన్ని కూడా ద్వేషిస్తారు. పుస్తకం బల్లమీద తెరిచి ఉండాలి, ఎవరైనా ఎప్పుడైనా ముట్టుకునేట్లు ఉండాలి. చిరిగిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేసే ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, చిరిగిన పుస్తకమే చదివిన పుస్తకం.

తక్కిన చోట్ల పరిస్థితి ఒకేలా లేదు. యానాంలో తెలుగే ఊరి భాష, అక్కడ కావలసినది పుస్తకాలే గాని వాదన కాదు. సోలాపురంలో మగ్గాల వాడల్లో పిల్లలు ఇంటి తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడతారు. అక్కడ ఆ కలగలుపును అలాగే కాగితంమీదికి రానివ్వాలి, వేరుచేయడం తరువాత చూసుకోవచ్చు. బళ్లారి, కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల మిత్రులు, బరంపురం, రాయగడ మిత్రులు తమ తరగతుల్లో ఏ పుస్తకం ఎలా పనిచేసిందో వ్రాస్తే అందరికీ ఉపకారం. సిద్ధాంతం వ్రాయవద్దు, పిల్లలు వ్రాసిన పుటలు పంపండి.

నేను ప్రతిపాదించే తీర్మానం ఇది, వచ్చే సభలో ఎవరైనా చదవవచ్చు: “తెలుగు పిల్లలు చదువుకుంటున్న ప్రతి బడికీ విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం తెలుగు కథల పుస్తకాలు కొనాలి, వారానికి కనీసం మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, పరీక్షతో నిమిత్తం లేకుండా తరగతిలో పైకి చదవడానికి కేటాయించాలి, పిల్లలు తమ ఇంటి తెలుగులో వ్రాసినదాన్ని తప్పుగా పరిగణించరాదు.” సభదాకా ఆగనక్కరలేదు కూడా. బడులు తెరిచేది జూన్‌లో. యాజమాన్య కమిటీ తీర్మానం ఏప్రిల్‌లోనే పుస్తకంలోకి ఎక్కితే, కొనుగోలు జాబితా పోయేటప్పుడు తెలుగు పేర్లు అందులో ఉంటాయి. ‘బుడుగు’ విడిగానూ దొరుకుతుంది, రమణ సాహితీ సర్వస్వంలోని ‘బాలరమణీయం’ సంపుటంలోనూ ఉంది. విడిగా ఉన్నదే తీసుకోండి, పిల్లల చేతికి అదే సరిపోతుంది. తరగతికి రెండు ప్రతులు.